గోళ్ల రంగు అడిగారు, గోళీ సంగతి అడగలేదు

మన కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఆపరేషన్‌కు ముందు రోజు జరిగే విచారణ ముందు సీబీఐ దిగదుడుపే. బీపీ ఉందా, షుగరుందా, ఆయాసం వస్తుందా, చిన్నప్పుడు ఫిట్స్ వచ్చాయా, కట్టుడు పళ్లున్నాయా, ఉన్నవాటిలో కదిలేవెన్ని, వక్కపొడి నముల్తారా, మీ వంశంలో ఎవరికైనా మత్తు పడలేదా! నోరు తెరవమంటారు, నాలుక చాపమంటారు, మెడ వెనక్కి వంచి చూపించమంటారు. మట్టెలు తీయిస్తారు. ముక్కుపుడక రాకపోతే సబ్బు రాసి మరీ ఊడదీస్తారు. పుస్తెలతాడు ఎవరి చేతికిచ్చారో కాగితం మీద రాసి సంతకం పెట్టించుకుంటారు. గోళ్లకు రంగుంటే సిస్టరమ్మ దూది తెచ్చి పదివేళ్లూ తుడుస్తుంది, వేలికి తగిలించే క్లిప్పు రక్తంలో ఆక్సిజన్ లెక్క తప్పు చూపిస్తుందేమోనని.

ఇంత ఆరా తీసినవాళ్లు, మంచం మీద కూర్చున్న ముప్పై ఏళ్ల మనిషిని ఒక్క ప్రశ్న మాత్రం అడగరు: "అమ్మా, పిల్లలు కాకుండా ఏమైనా వాడుతున్నావా?"

అడక్కపోతే ఏం కొంప మునిగింది అంటారా? కొంప మునగదు లెండి, ఇంట్లో ఒక మనిషి పెరగొచ్చు, అంతే.

సంగతేమిటంటే, గాల్‌బ్లాడర్‌లో రాళ్లు తీయాలన్నా, అపెండిక్స్ తీయాలన్నా కండరాలు బిగుసుకోకుండా రోకురోనియం అనే మందు ఎక్కిస్తారు. ఒళ్లంతా సడలిపోతుంది. ఊపిరి కూడా మిషనే తీసి పెడుతుంది. పనైపోయాక ఆ సడలింపును విరగ్గొట్టాలి. అందుకు ఎప్పట్నుంచో నియోస్టిగ్మిన్ ఉంది. చవక మందు, చాలాచోట్ల ఇప్పటికీ అదే వాడతారు. దానికి పోటీగా వచ్చిందే సుగమాడెక్స్. యూరప్ 2008లో, అమెరికా 2015 డిసెంబరులో దీనికి అనుమతిచ్చాయి. ఎనిమిది చక్కెర ముక్కల్ని గుండ్రంగా కలిపి అల్లిన కడియం లాంటి అణువు ఇది. మధ్యలో బోలు. రక్తంలో రోకురోనియం ఎక్కడ దొరికితే అక్కడ దాన్ని ఆ బోలులో బిగించేసుకుని మూత్రంలోకి పట్టుకుపోతుంది. నిమిషాల్లో పేషెంటు తల ఎత్తుతుంది, సొంతంగా ఊపిరి తీస్తుంది. బ్రహ్మాండమైన మందు. ఇది వెటకారం కాదు, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ల విషయంలో దాని విలువ మత్తు డాక్టర్లకు బాగా తెలుసు.

చిక్కల్లా ఒకటే. రోకురోనియం స్టెరాయిడ్ వంశంలో పుట్టింది. గర్భనిరోధక మాత్రలో ఉండే ప్రొజెస్టోజెన్‌దీ అదే ఇంటిపేరు. కడియానికి మొదటి మోజు రోకురోనియం మీదే అయినా, దారిలో తగిలిన ప్రొజెస్టోజెన్‌ను కూడా కొంత పట్టుకుపోతుంది. ఎంత? కంపెనీవాళ్లే లెక్కగట్టి మందు కాగితంలో అచ్చేశారు: ఒంట్లో ప్రొజెస్టోజెన్ ప్రభావం 34 శాతం దాకా తగ్గవచ్చు, అంటే రోజువారీ మాత్ర 12 గంటలు ఆలస్యంగా వేసుకున్నంత. కాబట్టి సుగమాడెక్స్ ఎక్కిన రోజును మాత్ర మర్చిపోయిన రోజు కింద జమకట్టమన్నారు. హార్మోన్ ఇంజెక్షన్, చేతిలో పెట్టే ఇంప్లాంట్ లాంటివి వాడేవాళ్లు ఆ తర్వాత 7 రోజులు హార్మోన్లతో పనిలేని మరో పద్ధతి కూడా పాటించాలన్నారు. అమెరికా కాగితమైతే మాత్రలు మింగేవాళ్లకూ అదే 7 రోజుల గడువు పెట్టింది. మామూలు కాపర్-టి ఉన్నవాళ్లకు ఈ బెంగ లేదు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. రోకురోనియం అమ్మింది ఆర్గనాన్ అనే కంపెనీ. దానికి విరుగుడుగా సుగమాడెక్స్‌ను కనిపెట్టింది కూడా ఆర్గనాన్ వాళ్లే, స్కాట్లాండ్‌లోని తమ ప్రయోగశాలలో. ప్రపంచమంతా గర్భనిరోధక మాత్రలు అమ్మిందీ ఆ కంపెనీయే. మూడూ ఒకే కొట్లో సరుకులు! ఒక సరుకు ఇంకో సరుకును తినేస్తుందని ఆ కొట్టువాడే చీటీ రాసి పెట్టె మీద అంటించాడు. ఆ చీటీ ఫ్యాక్టరీ నుంచి ఓడెక్కి, విమానమెక్కి, గోడౌన్లు దాటి, ఆపరేషన్ థియేటర్ ఫ్రిజ్ పక్కన అలమారా దాకా భద్రంగా వచ్చింది. అక్కణ్నుంచి పేషెంటు చెవికి నాలుగడుగులు. ఆ నాలుగడుగులే ఇన్నేళ్లయినా దాటలేకపోతోంది.

ఇది మన దగ్గర ఉన్న రోగమే అనుకుని సిగ్గుపడక్కర్లేదు, తెల్లదొరల దగ్గరా ఇదే భాగోతం. 2023 జూన్‌లో గ్లాస్గోలో జరిగిన యూరప్ మత్తు వైద్యుల సభలో లండన్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి డాక్టర్లు తమ ఇంటి లెక్కే తీసి చదివారు. తమ దగ్గరి మత్తు డాక్టర్లను అడిగితే నూటికి 94 మందికి ఈ సంగతి తెలుసు. తెలిసినా 70 మంది పేషెంట్లకు చెప్పే అలవాటు లేదన్నారు. సరే, కాగితాలు తీద్దామని ఆరు వారాల రికార్డులు తిరగేశారు. మందు ఎక్కించుకున్న ఆడవాళ్లలో 48 మందికి ఈ మాట చెప్పి తీరాలి. ఎంతమందికి చెప్పినట్టు రాసి ఉంది? సున్నా. ఒకరికి చెప్పి ఇంకొకరికి మరిచిపోతే దాన్ని పొరపాటు అనుకోవచ్చు. నలభై ఎనిమిదికి నలభై ఎనిమిదీ తప్పడమంటే దానికి సాధన కావాలి. అయినా వాళ్లను మెచ్చుకోవాలి. తమ పరువు తామే తీసుకుని లెక్క బయట పెట్టారు. మన దగ్గర ఆ లెక్క తీయాలంటే ముందు ప్రశ్న అడిగి ఉండాలి, అడిగినదాన్ని రాసి ఉండాలి.

మనవాళ్లు ఎందుకు అడగరో ఊహించడం కష్టమేం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మందికి కు.ని. ఆపరేషన్ అయిపోయింది. తెలంగాణలోనూ 60కి పైమాటే. మగవాళ్ల వంతు అడక్కండి, దేశం మొత్తం మీదే నూటికి ఒక్కడు కూడా లేడు. అంచేత మన వైద్యులకు ఆడమనిషి అంటే రెండే రెండు దశలు: కనాల్సినామె, కోయించుకున్నామె. మధ్యలో ఇంకొకామె ఉంటుందని, మొదటి కాన్పుకీ రెండో కాన్పుకీ నడుమ మాత్రలు మింగుతూ ఉంటుందని, పెళ్లయి ఏడాదే అయింది ఇప్పుడే వద్దనుకుని ఉంటుందని, అసలు పెళ్లే కాకుండా ఉంటుందని తోచదు. పీసీఓడీ ఉందని గైనిక్ డాక్టరే నెలల తరబడి రాసిచ్చే 'హార్మోన్ మాత్రలు' ఏమిటనుకున్నారు? చాలా వాటిలో ఉండేది ఇదే సరుకు. నెలసరి సరిచేసుకోవడానికి మొదలుపెట్టిన అమ్మాయి, గర్భం రాకుండానూ వాటి మీదే ఆధారపడి ఉండొచ్చు. అది ఆమెకూ స్ట్రిప్‌కూ మధ్య విషయం.

పోనీ ఎవరైనా బుద్ధిమంతుడు అడిగాడే అనుకుందాం. ఎలా అడుగుతాడో కూడా చూడండి. మంచం చుట్టూ భర్త, అత్తగారు, ఆడపడుచు, పక్క మంచం వాళ్ల చుట్టాలిద్దరు. మత్తు డాక్టరు కాగితంలోంచి తల ఎత్తకుండా, "ఏమైనా మందులు వాడుతున్నావామ్మా?" అంటాడు.

"మా కోడలికి ఏ మందులూ లేవు సార్, థైరాయిడ్ ఒక్కటే. అది కూడా పొద్దున్నే నేనే ఇస్తా," అంటుంది అత్తగారు.

కోడలు తల ఊపుతుంది. మాలా-డి స్ట్రిప్ హ్యాండ్‌బ్యాగ్ లోపలి జిప్పులో ఉంటుంది. ఆ జిప్పు సంగతి థైరాయిడ్ ఇచ్చే చేతికి తెలియదు, తెలియకూడదు కూడా. 'ఒక్క మనవణ్ని ఎత్తుకుంటే చాలు' అని ఆ పెద్దావిడ రోజూ దేవుడికి దీపం పెడుతోంది మరి. పెళ్లికాని పిల్లయితే వాళ్లమ్మ పక్కనుంటుంది. డాక్టరు నోరు తెరవక ముందే, "దానికింకా సంబంధాలు చూస్తున్నామండీ," అంటుంది. డాక్టరు 'నిల్' అని రాస్తాడు. మందులు: నిల్. పేషెంటు మాట: నిల్.

ఆసుపత్రికి ఆమె గర్భసంచి మీద ఆసక్తి లేదనుకుంటే పొరపాటు. ఆపరేషన్‌కు ముందు పొద్దున్నే చిన్న ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చి బాత్రూంకి పంపుతారు. యూపీటీ, అంటే మూత్రంతో చేసే గర్భ పరీక్ష. పెళ్లయిందా లేదా అని చూడరు, కొన్నిచోట్ల చెప్పను కూడా చెప్పరు, ఒక గీతా రెండు గీతలా చూసేసుకుంటారు. లోపల నలుసుంటే రేపు కేసు తమ మెడకు చుట్టుకుంటుంది కదా! అంటే థియేటర్ తలుపు లోపలికి వెళ్లేదాకా ఆమెకు కడుపొచ్చిందా అన్నది ఆసుపత్రి సమస్య. తలుపు దాటి బయటికొచ్చాక వస్తుందా అన్నది ఆమె ఖర్మ. ఒకే ఒంటికి ఒకే రోజు ఇంత తేడా!

మందు సంగతి అలా ఉంచండి. రాత్రి పన్నెండు తర్వాత నోట్లో ఏమీ వేయొద్దంటారు. ఆమె అక్షరాలా పాటిస్తుంది, ఆ రోజు మాత్ర కూడా వేసుకోదు. బీపీ మాత్ర మాత్రం రెండు గుక్కల నీళ్లతో మింగమంటారు, ఎందుకంటే బీపీ గురించి అడిగారు. ఆపరేషన్ అయ్యాక వాంతులు. వేసుకున్న రెండు మూడు గంటల్లోపే వాంతయితే ఆ మాత్ర పోయినట్టే. అది చెప్పేవాళ్లుండరు. వాంతులు ఆగడానికి కొందరికి అప్రెపిటాంట్ ఇస్తారు. కీమోథెరపీ తీసుకునేవాళ్లకైతే మామూలే. అది ఇంకో దారిలో దెబ్బ కొడుతుంది. హార్మోన్లను అరగదీసే కాలేయపు ఎంజైములను ఉరికిస్తుంది. ఆ మందు ఆపాక కూడా నెల రోజుల పాటు మాత్రను నమ్ముకోవద్దని దాని కాగితంలోనే ఉంది. సుగమాడెక్స్‌కు వారం, దీనికి నెల. ఆ పొద్దున మాత్ర మానేసి, సాయంత్రం వాంతి చేసుకుని, నడుమ ఈ రెండు మందులూ ఎక్కించుకున్న మనిషికి డిశ్చార్జ్ రోజు ఇచ్చే సలహా ఏమిటో తెలుసా? "పప్పు, వంకాయ తినొద్దు. చీము పడుతుంది."

చెప్పేవాళ్లు ఒకరిద్దరున్నా చెప్పేది తలకిందులుగా ఉంటుంది. "యాంటీబయాటిక్ రాశాను, మాత్రలు పనిచేయవు, జాగ్రత్త" అంటారు. అమాక్సిసిలిన్ లాంటి మామూలు యాంటీబయాటిక్‌తో ఆ ఇబ్బంది లేదని, అదనపు జాగ్రత్త అక్కర్లేదని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2011లోనే మార్చేశాయి. నిజంగా భయపడాల్సింది టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్‌తో. మెడ దగ్గర గడ్డ కోసి పరీక్షకు పంపి, టీబీ అని తేలాక నెలల తరబడి మింగించే మందుల్లో అది ఉంటుంది. అప్పుడు చెప్పేదేమో, "మూత్రం ఎర్రగా వస్తే భయపడకండి." మూత్రం రంగు మీద ఉన్న శ్రద్ధ!

ఇంకో రకం డాక్టరున్నాడు. ఆయన అడుగుతాడు, విని ఉలిక్కిపడతాడు. "ఈస్ట్రోజెన్ మాత్రలా? రక్తం గడ్డకడుతుంది, వెంటనే ఆపెయ్. నెల తర్వాత పెద్దాపరేషన్ పెట్టుకుందాం." ఇందులో వైద్యపరంగా తప్పు లేదు, పెద్ద ఆపరేషన్‌కు నాలుగు వారాల ముందు ఆపమనడం ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే. మరి ఆ నాలుగు వారాలూ ఏం చేయాలో చెప్పలేదేం? ఆమె కాశీకి వెళ్తుందనుకున్నాడా?

ఎవరు చెప్పాలి అని అడిగితే మొదలవుతుంది అసలు వినోదం. సర్జన్‌ను అడగండి: మత్తు మందుల సంగతి మత్తు డాక్టరు చూసుకోవాలి. మత్తు డాక్టరును అడగండి: నేను పేషెంటును చూసేది పది నిమిషాలు, మెలకువ వచ్చాక ఆమెకు నా మొహం కూడా గుర్తుండదు. ఆ మాట నిజమే, అప్పుడే మత్తు దిగుతున్న మనిషికి చెప్పిన ముక్క గాలికి పోతుంది. అందుకే ముందు రోజు చెప్పాలి. గైనకాలజిస్టును అడగండి: ఆమె ఆపరేషన్ చేయించుకుంటోందని నాకెవరు చెప్పారు? డ్యూటీ డాక్టరును అడగండి: డిశ్చార్జ్ సమ్మరీలో అలాంటి కాలమ్ లేదండీ. కాలమ్ లేదు! బిల్లులో మాత్రం ఉంది. సుగమాడెక్స్, వయల్ ఒకటి, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ, జీఎస్టీతో సహా. ఇన్సూరెన్స్ కంపెనీకి తెలుసు, ఫార్మసీకి తెలుసు, క్యాష్ కౌంటర్ కుర్రాడికి తెలుసు. ఎవరి నరంలోకి ఎక్కిందో ఆమె ఒక్కతికే తెలియదు.

"ప్రమాదం చాలా చిన్నదండీ, ఊరికే కంగారు పెట్టడమెందుకు" అనే పెద్దమనుషులు కొందరున్నారు. వాళ్ల మాటలో మొదటి సగం నిజమే కావచ్చు. ఆ 34 శాతం కంప్యూటర్ లెక్కే తప్ప, పుట్టిన పిల్లల్ని లెక్కపెట్టి తేల్చింది కాదు. ప్రమాదం చిన్నదైతే చిన్నదనే చెప్పండి, ఎవరు కాదన్నారు? కంగారు పెట్టడం ఇష్టం లేని ఈ దయామయులే ముందు రోజు రాత్రి సమ్మతి పత్రం చేతిలో పెట్టి, మత్తులో ప్రాణం పోవచ్చు, గుండె ఆగవచ్చు, వెంటిలేటర్ మీద పెట్టాల్సి రావచ్చు, మీరు ఒప్పుకుంటున్నారు, ఇక్కడ సంతకం అంటారు. చావు గురించి చెప్పడానికి మొహమాటం లేదు. నిరోధ్ అనే మూడక్షరాలు పలకడానికి గొంతు పట్టేస్తుంది. అది 1968లో ప్రభుత్వం వారే పేరు పెట్టి ఊరూరా పంచిన సరుకు! పిహెచ్‌సీల్లో ఊరికే ఇస్తారు. డాక్టరుగారు చెప్పాల్సింది అంత పురాతనమైన, అంత సర్కారీ మాట.

సంతకం సంగతి వచ్చింది కాబట్టి ఒక ముక్క. ఢిల్లీలో ఒకామె పరీక్ష కోసం ల్యాప్రోస్కోపీకి ఒప్పుకుని మత్తులో పడుకుంటే, బయట కూర్చున్న తల్లి దగ్గర అనుమతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆమె మేజర్, అవివాహిత, కాసేపాగితే మెలకువ వచ్చే మనిషి. ఆ కేసు తిరిగి తిరిగి 2008 జనవరిలో సుప్రీంకోర్టులో తేలింది. ప్రాణం మీదికి వస్తే తప్ప పేషెంటు సమ్మతి పేషెంటుదే, అది కూడా తగినంత సమాచారం ఇచ్చి తీసుకున్నదై ఉండాలి అంది కోర్టు. ఇన్నేళ్లయినా మన వార్డుల్లో కేక ఒక్కటే: "పేషెంటు తాలూకు ఎవరమ్మా? వచ్చి సంతకం పెట్టండి!" పేషెంటు మంచం మీదే ఉంటుంది, పెన్ను పట్టుకునే చేతులు రెండూ ఖాళీగానే ఉంటాయి.

చట్టం ఇంకా ముందుకు పోయింది. గర్భనిరోధకం విఫలమైతే అబార్షన్‌కు వీలిచ్చే నిబంధనలో 'వివాహిత, ఆమె భర్త' అని ఉన్న చోట 2021 సవరణ 'మహిళ, ఆమె భాగస్వామి' అని రాసింది. ఆ తర్వాతి ఏడాది సుప్రీంకోర్టు అవివాహితల హక్కును మరింత విడమరిచి చెప్పింది. పార్లమెంటులో కూర్చున్నవాళ్లకు, అందులో ఎంతమంది తాతలున్నారో, పెళ్లికాని పిల్లకు కూడా మాత్ర ఫెయిలవ్వొచ్చన్న ఆలోచన వచ్చింది. ప్రీ-ఆపరేటివ్ ఫారం అచ్చేసే ప్రింటింగ్ ప్రెస్సుకు ఆ గెజిట్ ఇంకా అందినట్టు లేదు.

లేదూ, మనమే అపార్థం చేసుకుంటున్నామేమో. ఆంధ్రప్రదేశ్‌లో ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నిబంధనను 2024 నవంబరులో ఎత్తేశారు. ఎక్కువమందిని కనండి అని ముఖ్యమంత్రిగారే సభల్లో చెబుతున్నారు. బహుశా వైద్యశాఖ ఈ మౌనంతోనే తన వంతు సాయం చేస్తోందేమో! అలాగైతే కనీసం రికార్డులో రాయండి. పథకానికి ఒక పేరు పెట్టండి, ఫొటోతో కార్డు వేయండి.

నిజానికి కావల్సింది ఎంత? ఫారంలో ఒక గడి. గోళ్ల రంగు గడి పక్కన చోటుంది, నేను చూశాను. చెప్పాల్సింది కూడా చాంతాడంత ఏమీ లేదు. "అమ్మా, రేపు మీకిచ్చే మందుల్లో ఒకటి మీ గర్భనిరోధక మాత్రను కాస్త బలహీనం చేయొచ్చు. వారం రోజులు నిరోధ్ కూడా వాడండి. మాత్రలు మానొద్దు." ఇంతే. అదే ముక్క తెలుగులో డిశ్చార్జ్ కాగితం మీద, పప్పు వంకాయల పక్కనైనా సరే, ఒక లైను. ఎక్కించింది నియోస్టిగ్మిన్ అయితే ఆ లైను కొట్టేయండి, ఆ మందుతో ఈ గొడవ లేదు.

అత్తగారి ముందు అవన్నీ ఎలా చెబుతామండీ అంటారా? ఆవిణ్ని ఐదు నిమిషాలు బయట కూర్చోమనండి. థియేటర్ తలుపు దగ్గర రోజూ అందరికీ అదే కదా చెబుతున్నారు.